ఈరన్న కుంటలో ఊపిరాడని చేపలు

పశువుల ఆసుపత్రిలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఆ మధ్య కర్నూలులో మా ఇంటికి వచ్చింది. కాఫీ తాగుతూ, "మేడమ్, మీ సర్వీసులో ఎక్కువగా చూసిన జబ్బు ఏది?" అని అడిగింది. గాలికుంటు అంటాననుకుందో, నీలినాలుక అంటాననుకుందో తెలియదు. "ఊపిరాడకపోవడం" అన్నాను. తమాషా చేస్తున్నాననుకుని ఆ పిల్ల నవ్వేసింది.

తమాషా కాదు తల్లీ. జబ్బుకు పుస్తకంలో ఏ పేరైనా ఉండనీ, ప్రాణం మీదికి వచ్చేసరికి జంతువు మన కళ్లముందు చేసే పని ఒక్కటే, గాలి కోసం పెనుగులాడటం. గొర్రె డొక్కలెగరేస్తుంది. ఎద్దు మెడ చాచి నాలుక బయటపెడుతుంది. కోడి నోరు తెరిచి, ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఆడిస్తుంది. ఉద్యోగమంతా నేను చూసింది ఇదే. ఏ ఊరి తర్వాత ఏ ఊరికి బదిలీ అయ్యానో, ఎవరిని దాటి ఎవరికి ప్రమోషన్ ఇచ్చారో రాయడం మొదలుపెడితే చదివేవాళ్ల కంటే ముందు నాకే నిద్ర వస్తుంది. ఆ పూట ఆ అమ్మాయికి కుదురుగా చెప్పలేకపోయిన సంగతులు మాత్రం రాస్తాను. వాటిలో నన్ను ఇప్పటికీ వదలనిది మా శాఖ పని కూడా కాదు. అది చేపల సంగతి. కానీ అక్కడికి వెళ్లాలంటే ముందు ఒక ఎద్దు దగ్గర ఆగాలి.

దూరంగా నిలబడి చూడటం

నా మొదటి ఉద్యోగం కడప జిల్లాలో ఒక పెద్ద పల్లెలో. అక్కడి పెద్ద డాక్టరు దగ్గర నేర్చుకోకూడని గుణాలు చాలానే ఉండేవి. మధ్యాహ్నం భోజనం కాగానే కుర్చీలో వెనక్కి వాలి గురక పెట్టేవాడు. రాతపనంతా నా నెత్తిన వేసి, పై అధికారి వస్తే అంతా తానే చేసినట్టు ముఖం పెట్టేవాడు. నాకు ఒళ్లు మండేది. అయినా పశువు దగ్గర మాత్రం ఆయన వేరే మనిషి. నేను సంచిలోంచి సూది తీస్తే చాలు, కసిరేవాడు.

"ఏమ్మా, పోతానే సూది తీస్తాండావే! దూరంగా నిలబడి చూడు ముందు. గాలి యాడి నుంచి లోపలికి పోతాంది, యాడ ఆగిపోతాంది, అది తెలీకుండా పశువు మీద చేయి పెట్టాకు."

ఒకరోజు ఒక రైతు ఎద్దును తోలుకొచ్చాడు. పచ్చి మేత మీద పడి తినడంతో ఎడమ డొక్క ఉబ్బిపోయి ఉంది. పొట్టలో గాలి పెరిగితే అది ఊపిరితిత్తుల్ని ముందుకు నొక్కేస్తుంది, పశువు ఊపిరి తీసుకోలేదు. పెద్ద డాక్టరు డొక్కలో గొట్టం దించి గాలి వదిలాడు. ఎద్దు తేరుకుంది, రైతు దండం పెట్టాడు. కానీ ఆయన ముఖంలో సంతోషం లేదు. ఎద్దు ముక్కు చివర చూపుడు వేలితో తుడిచి నాకు చూపించాడు. నూనె జిడ్డు.

ఆసుపత్రికి వచ్చేముందు ఇంటి దగ్గర వాళ్లు అలవాటు ప్రకారం వెదురుగొట్టంతో నూనె తాగించారు. తల పైకెత్తి, ఒకరు నాలుక బయటికి లాగి పట్టుకుంటే ఇంకొకరు పోశారు. మా సీమలో తాతల నాటి పద్ధతి అది. మీరు కూడా నాలుక బయటపెట్టి గుక్కెడు నీళ్లు మింగి చూడండి, మింగలేరు. ఎద్దూ అంతే. పోసిన నూనె దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి దిగింది.

కొద్దిరోజులకు ఆ ఎద్దు చనిపోయింది. "కడుపు తగ్గిపాయ గద సార్, మల్లెందుకు పోయింది?" అని రైతు అడిగాడు. పెద్ద డాక్టరు తిడతాడేమో అనుకున్నాను. తిట్టలేదు. ఆయన వెళ్లి ఆ రైతు పక్కన నేలమీద కూర్చున్నాడు.

"నువ్వు కడుపుకని పోసినావు, అది తిత్తులకు పోయింది. మీ నాయన పోసినాడు, ఆయప్ప నాయన పోసినాడు, నువ్వూ పోసినావు. బాగు చేయాలనే గదప్పా పోసింది. ఇంక పోయాకు, అంతే."

చాలామంది డాక్టర్లు పొరపాటు చేసిన రైతును నలుగురిలో అరిచి పంపిస్తారు. నాకూ నోరు ఎక్కువే, ఒప్పుకుంటాను. అయినా జంతువు పోయినవాడి దగ్గర గొంతు తగ్గించాలని ఆ గురకల మనిషి దగ్గరే నేర్చుకున్నాను.

ఎవరి దారి వారిది

గాలి ఎక్కడి నుంచి లోపలికి పోతోంది అన్న ప్రశ్న చాలా చిన్నదిగా కనిపిస్తుంది. జంతువు మారితే జవాబు మొత్తం మారిపోతుంది.

ఆలూరులో ఉన్నప్పుడు ఒకావిడ కోడికి మందు ఇప్పించడానికి బస్సులో వచ్చింది. ఎవరూ తొక్కకుండా, కండక్టరు చూడకుండా, కొంగు కింద గుండెకు గట్టిగా అదిమిపట్టుకుని తెచ్చింది. బల్లమీద పెట్టేసరికి అది చచ్చి ఉంది. "బస్సెక్కేటప్పుడు బాగుండె గదమ్మా!" అని ఏడ్చింది. కోడి ఊపిరితిత్తులు మనవాటిలా ఉబ్బి తగ్గేవి కావు, ఉన్నచోటే ఉంటాయి. వాటికి ముందూ వెనకా గాలిసంచులు ఉంటాయి. కోడి రొమ్ము ఎముక కిందికీ పైకీ కదిలినప్పుడు ఆ సంచులు కొలిమితిత్తుల్లా గాలిని లాగి, తోస్తాయి. ఊపిరి పీల్చినప్పుడూ వదిలినప్పుడూ కూడా ఊపిరితిత్తుల గుండా గాలి ఒకే వైపు సాగుతుంటుంది. మనకంటే గొప్ప ఏర్పాటే. కానీ రొమ్మును అదిమిపడితే అంతా ఆగిపోతుంది. ఆవిడ ప్రేమతోనే అదిమిపట్టుకుంది. అది చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఈసారి బుట్టలో పెట్టి తెమ్మని మాత్రం చెప్పాను.

గొర్రెల ఒంటిమీది పిడుదులకు ముక్కూ లేదు, ఊపిరితిత్తులూ లేవు. ఒంటి పక్కన సన్నని రంధ్రాలు ఉంటాయి, వాటిలోంచి సన్నని గొట్టాలు గాలిని నేరుగా లోపలికి మోస్తాయి. పట్టుపురుగుకూ, మిడతకూ అంతే, వాటికి పక్కల పొడుగునా రంధ్రాలే. నూనె పూస్తే ఆ రంధ్రాలు మూసుకుంటాయి కాబట్టి మన పెద్దవాళ్లు వేపనూనె రాయడంలో అర్థం ఉంది. వానపాముకు ఆ రంధ్రాలు కూడా లేవు, తడి చర్మమే దాని ముక్కు. ఎండ తగిలి చర్మం ఆరితే దాని పని అయిపోయినట్టే. కప్ప చర్మంతోనూ పీలుస్తుంది, ఊపిరితిత్తులతోనూ పీలుస్తుంది. పాఠంగా చెప్పాలంటే తడిగా ఉండే పలచని పొర ఒకటి కావాలి, దానికి ఒక పక్క గాలీ ఇంకో పక్క రక్తమో, కండో ఉండాలి. ఆ పొర దాకా గాలిని చేర్చడానికి ఒక్కో ప్రాణి ఒక్కో తిప్పలు పడుతుంది.

చేప పడే తిప్పలు వీటన్నిటికంటే ఎక్కువ. గాలిలో ఉన్న ప్రాణవాయువుతో పోలిస్తే నీళ్లలో కరిగి ఉండేది చాలా తక్కువ. నీళ్లు వెచ్చబడితే అదీ తగ్గుతుంది. అందుకే చేప నోటితో నీళ్లు తీసుకుని మొప్పల మీదుగా బయటికి తోస్తూనే ఉంటుంది. మొప్పల్లో రక్తం ఒక వైపు పారితే నీళ్లు దానికి ఎదురు వైపు పారుతాయి. అలా ఎదురెదురుగా పారడం వల్లే ఉన్న కాస్త గాలిలో ఎక్కువ భాగం రక్తంలోకి లాగేసుకోగలుగుతుంది. కానీ నీళ్లలో అసలు లేనిదాన్ని ఏ మొప్ప మాత్రం తేగలదు?

సుంకమ్మ దమ్ము

ఈరన్న ఊరు ఆలూరు దగ్గరే. వాన పడితే జొన్న, పత్తి, లేకపోతే గొర్రెలు. వాళ్ల నాయన గొర్రెల మనిషి, ఈరన్నా గొర్రెల మనిషే. మందలో ఏ గొర్రె ఏ గొర్రెకు పుట్టిందో అడిగితే గడగడా చెప్పేవాడు. నేను టీకాలు వేయడానికి వెళ్తే ఒక్కొక్క గొర్రెనూ పట్టి ఇస్తూ దాని పుట్టుపూర్వోత్తరాలు వినిపించేవాడు. "ఈరన్నా, నాకు దాని పెండ్లి సంబంధాలు వద్దప్పా, తొడ చూపించు" అని నేను కసిరితే అతని భార్య సుంకమ్మ పకపకా నవ్వేది. నవ్వు సగంలో దగ్గుగా మారేది.

ఆ ఊళ్లో వానాకాలం పంట అయిపోగానే జనం లారీలెక్కి గుంటూరు వైపు మిరపకోతకు పోతారు. దాన్ని సుగ్గి అంటారు. ఇళ్లకు తాళాలు పడతాయి, ముసలివాళ్లూ గొర్రెల కాపర్లూ మిగులుతారు. గొర్రెల్ని వదిలిపెట్టి రాలేడు కాబట్టి ఈరన్న ఎప్పుడూ సుగ్గికి పోలేదు. ఏటా సుంకమ్మే పోయేది, చుట్టాలతో కలిసి. తెచ్చిన దుడ్లతో మళ్లీ వాన పడేదాకా ఇల్లు గడిచేది.

నేను చెప్పబోయే ఏటికి ముందు ఏడు మిరప కల్లంలో ఆమె ఊపిరాడక పడిపోయింది. ఆదోనిలో మనుషుల డాక్టరు చూసి, ఇంకోసారి మిరప దుమ్ములోకి పోతే ప్రాణానికే ముప్పని చెప్పాడు. ఈ మాట ఈరన్న నాకు చెప్పలేదు. గొర్రెలకు సూదులు వేసి చేతులు కడుక్కుంటుంటే సుంకమ్మే నీళ్లు పోస్తూ చెప్పింది.

"నాకూ ఒక సూది వేయకూడదా డాక్టరమ్మా? గొర్రెలకు వేసేదే వేయి, బతికితే బతుకుతా."

"నీకు వేయాలంటే ముందు నిన్ను మందలో రాయించుకోవాల" అన్నాను.

"రాయించుకో, ఆయప్ప నన్ను గూడా గొర్రెల్ని చూసుకున్నట్ల చూసుకుంటాడు!" అని మొగుడి వైపు చూసి నవ్వింది. ఈరన్న తల దించుకుని మోకు చుడుతూ ఉన్నాడు.

నేను దూరం నుంచి చూసే అలవాటున్న మనిషిని. మెడ నరాలు బిగిసి ఉన్నాయి. మాటకూ మాటకూ మధ్య భుజాలు పైకి లేస్తున్నాయి. ఇదే గొర్రె అయి ఉంటే ఏం మందు ఇవ్వాలో నాకు తెలుసు. ఈమెకు కావలసిన మందు మాత్రం ఒక్కటే, ఆ ఏడు లారీ ఎక్కకుండా ఉండటం.

అందుకోసమే చేపలు పెంచారు. పొలం మూల సేద్యపు కుంట తవ్వించుకున్నారు, నల్లరేగడిలో నీళ్లు నిలిచాయి, బోరు నుంచి కూడా వదిలారు. ఎవరో చెబితే బొచ్చె, రోహు, మోసు చేపపిల్లలు తెచ్చి వదిలారు. లారీ వచ్చేలోపల చేపలు పెరిగి అమ్ముడుపోతే సుంకమ్మ ఇంటి దగ్గరే ఉంటుంది. ఇద్దరి లెక్కా అదే. ఈరన్న నన్ను గట్టుమీద నిలబెట్టి నీళ్లు చూపిస్తూ, "ఇవి ఎదిగితే మాయమ్మ యాడికీ పోయే పనిలేదమ్మా" అన్నాడు. కొంచెం ముద్దొచ్చినప్పుడు భార్యను మాయమ్మ అంటాడు.

మంద పండిన గట్టు

కార్తీకంలో తుపాను పట్టి ముసురు కమ్మింది. ఎండ మొహం చూడక రోజులు గడిచాయి. ఒక పొద్దున్నే ఈరన్న ఫోన్ చేశాడు. గొంతులో దిగులు లేదు, పైగా గొప్పగా ఉంది.

"అమ్మా, చేపలు శానా ఆకలి మీదుండాయి! తెల్లారేసరికి అన్నీ పైకొచ్చి నోర్లు తెరుస్తాండాయి. నిన్న తవుడు వేస్తి, బుడ్డల చెక్క వేస్తి, అయినా సాలడంలే. ఇంకేమన్నా మేత చెప్తావని ఫోన్ చేసినా."

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. "పొద్దెక్కినాక ఏం చేస్తాండాయి?"

"పోయిన వారమైతే పొద్దెక్కుతానే లోపలికి పోయేవి. ఇప్పుడు పోవడంలే. పొద్దు యాడ ఉండాదమ్మా, అంతా మబ్బే గద."

"ఈరన్నా, ఇంకొక్క పిడికెడు మేత నీళ్లలో పడిందంటే నేనొచ్చి నిన్ను ఆ నీళ్లలోకి తోస్తా" అని ఫోన్ పెట్టేసి స్కూటీ తీశాను. చేపలు నా శాఖ కాదు. అయితే ఆ సమయంలో శాఖ గురించి ఆలోచించే తీరిక ఎవరికుంది?

గట్టుమీదికి వెళ్లి చూస్తే గొర్రెల మంద అక్కడే పడుకుని ఉంది. మా వైపు పొలానికి సత్తువ కోసం రాత్రిళ్లు అందులో గొర్రెల మందను పండబెడతారు. పెంట, మూత్రం నేలకు పడితే మరుసటి పంట ఏపుగా వస్తుంది. అందుకోసం పక్క ఊళ్ల రైతులు కాపర్లను బతిమాలి పిలుచుకుపోతారు. ఈరన్న ఆ మేలు తన చేపలకూ చేయాలనుకున్నాడు. ముసురు పట్టినప్పటి నుంచీ మందను కుంట గట్టు లోపలి వాలు మీదే పండబెట్టాడు. వాన జల్లుకు పెంటంతా కడుక్కుని నీళ్లలో దిగింది. నీళ్లు పచ్చగా, చిక్కగా జావలా ఉన్నాయి.

గొర్రె ఎరువు చేపలకు చెడ్డదేమీ కాదు. కొంచెం వేస్తే నీళ్లలో పాచి పెరుగుతుంది, చేపలు బాగా ఎదుగుతాయి. కానీ ఆ పాచి ఎండ ఉన్నప్పుడే ప్రాణవాయువును ఇస్తుంది. చీకట్లో అదీ చేపల్లాగే పీల్చుకుంటుంది. పెంట కుళ్లడానికి ఇంకొంత పోతుంది. తిండి మిగిలి కుళ్లితే ఇంకొంత. ఎండే లేని రోజుల్లో తెల్లవారేసరికి నీళ్లలో ఏమీ మిగలదు. చేపలు పైకి వచ్చేది మేత కోసం కాదు. పైపొర నీటికి గాలి కాస్త తగులుతుంది కాబట్టి అక్కడ నోరు పెట్టి గుటకలు వేస్తాయి. గొర్రెల మనిషికి తెరిచిన నోరంటే ఆకలి. పాపం, అతనికి అంతకంటే ఎలా తెలుస్తుంది? అతను మేత వేసినకొద్దీ వాటికి ఊపిరి తగ్గింది.

అప్పటికే కొన్ని బొచ్చెలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. మిగతావి నోళ్లు తెరుచుకుని గట్టు వెంబడి వరసగా ఉన్నాయి. చూడటానికి గట్టుమీద చేరినవాళ్లలో ఒక పెద్దాయన, "బావుల్లో కొర్రమీను అంతే గదమ్మా, పైకొచ్చి గాలి తాగిపోతాది, దానికేం గాదు" అన్నాడు. కొర్రమీనుకు పైగాలి పీల్చే అవయవం వేరే ఉంది పెద్దాయనా, వీటికి లేదు అన్నాను. ఇంతలో ఈరన్న నీళ్లలోకి దిగి రెండు బొచ్చెలను ఎత్తి గట్టుమీద పెట్టాడు. "గాలాడక గద, బయటపెడితే ఆడతాది" అన్నాడు ఆశగా. గట్టిగా అరిచాను నేను.

"లోపల వేయప్పా ముందు! బయట దాని మొప్పలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, ఎంత గాలున్నా చస్తాది!"

అప్పుడు అతనికి అర్థమైంది. ముఖం బూడిదరంగు అయింది. "నా చేతులతో నేనే..." అని ఆగిపోయాడు.

"మందను తోలు, ఏడ్చేది తర్వాత" అన్నాను. బోరు వేద్దామంటే కరెంటు లేదు. నీళ్లను కదిలించాలి, ఎత్తి పోయాలి, పైనుంచి పడే నీటితో గాలి లోపలికి దిగాలి. సుంకమ్మ నేను చెప్పడం పూర్తి కాకముందే ఊరి వైపు కేకలు వేసుకుంటూ పోయింది. ఆడవాళ్లు బిందెలతో వచ్చారు, మగవాళ్లు కానుగ కొమ్మలు విరుచుకుని వచ్చారు. పొలాలకు మందు కొట్టే పని చేసే ఖాసిం సాబ్ తన ఆయిల్ ఇంజన్ను బండిమీద వేసుకుని వచ్చాడు. ఇంజన్ దించుతూనే, "ఏం ఈరన్నా, గొర్రెల్ని నీళ్లు తాపే తావ పండబెడితివా, చేపల్ని తీసుకపోయి కొండమీద మేపేటట్లుండావే!" అన్నాడు. అంత దిగులులోనూ ఇద్దరు ముగ్గురు నవ్వారు. కుంట నీళ్లనే ఇంజన్తో ఎత్తి, బండరాయి మీద ఎత్తునుంచి చిమ్మేటట్టు అతనే పైపు కట్టాడు.

మిగతావాళ్లు నడుము లోతు నీళ్లలో దిగి కొమ్మలతో కొట్టారు, బిందెలతో ఎత్తి పోశారు. చూస్తే సుంకమ్మ కూడా అందరి మధ్యలో బిందె ఎత్తుతోంది. గుండెలోంచి పిల్లిలా గురగుర గట్టుమీద ఉన్న నాకే వినిపిస్తోంది.

"నువ్వు బయటికి రా సుంకమ్మా! నీకే చెప్పేది!"

వచ్చింది గానీ కూర్చోలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడింది, నోరు తెరిచి గాలి అందుకుంటూ. కాసేపటికి మాట వచ్చింది.

"ఇది ఆకలి గాదయ్యా అని నిన్ననే చెప్తి. ఆకలైనోళ్లు అట్ల నోరు తెరవరు. ఇన్నాడా? అవి గుటకలేసేది చూస్తాంటే నాకు తెలుస్తాండాదమ్మా, లోపల ఎట్లుంటాదో."

ఆమె వీపు నిమిరాను. నా చేతికింద పక్కటెముకలు ఒక్కొక్కటీ తెలిశాయి.

పొద్దు నడినెత్తికొచ్చేసరికి కరెంటూ వచ్చింది, మబ్బు కూడా కాస్త విచ్చింది. బతికినవి లోపలికి దిగిపోయాయి. బొచ్చెలు దాదాపు అన్నీ పోయాయి. నీటి అడుగున తిరిగే మోసులూ, కొన్ని రోహులూ మిగిలాయి. చచ్చినవాటిని గంపలకెత్తి పాతిపెట్టారు. ఈరన్న గంప మోస్తూ ఎవరి వైపూ చూడలేదు. నా పెద్ద డాక్టరు చేసినట్టే నేనూ వెళ్లి అతని పక్కన బురదలో కూర్చున్నాను.

"బాగు కావాలనే గదప్పా పండబెట్టింది."

"బాగు కావాలనేనమ్మా" అన్నాడు. అంతే. మిగిలిన చేపలతో ఆ ఏడు గడవదని ఇద్దరికీ తెలుసు, నేను చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట కుండబద్దలు కొట్టినట్టు చెబుతాను. మెట్ట పల్లెకు కొత్త జంతువును తెచ్చి ఇచ్చేవాళ్లు, ఆ జంతువు ఎలా ఊపిరి తీస్తుందో చెప్పి ఇవ్వాలి. ఏం తింటుందో అందరూ చెబుతారు. ఊపిరి సంగతి ఎవరూ చెప్పరు. కొత్తగా వచ్చే పిల్లలు మీరైనా చెప్పండి.

లారీ

మిరప పండింది. ఒక తెల్లవారుజామున ఆ ఊళ్లో మేకలకు టీకాలు వేయాల్సి ఉండి వెళ్లాను. రచ్చకట్ట దగ్గర సుగ్గి లారీ ఆగి ఉంది. మూటలు, వంట సామాన్లు, చంటిపిల్లలు పైకెక్కుతున్నారు. నా కళ్లు సుంకమ్మ కోసం వెతికాయి. ఆమె లారీ పక్కనే ఉంది. చేతిలో మూట ఉంది.

కానీ ఆ మూటను అందుకున్నది ఈరన్న. కూలీలను తీసుకుపోయే మేస్త్రీ నమ్మలేనట్టు చూసి, "ఏమప్పా, నువ్వొస్తాండావా? గొర్రెలో?" అన్నాడు.

"తమ్ముని మందలో కలిపినా" అన్నాడు ఈరన్న, లారీ గొలుసు పట్టుకుని పైకెక్కుతూ.

లారీ మీది ఆడవాళ్లు ఆట పట్టించారు. "గొర్రెల ఈరన్న కాయలు కోస్తాడంట! చెట్లకు పేర్లు పెడతాడేమో చూడండక్కా!" పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మంద లేకుండా ఒక్క రోజూ గడపని మనిషి, ఎక్కడ కూర్చోవాలో తెలియక మూటను ఒళ్లో పెట్టుకున్నాడు.

సుంకమ్మ కింది నుంచి అప్పగింతలు పెడుతూనే ఉంది. "మూతికి గుడ్డ కట్టుకో. కల్లంలో గాలికి ఎదురు నిలబడాకు. చెయ్యి కండ్లకు తాకించాకు."

"గమ్మునుండుమే, నాకు తెలుసు" అన్నాడు ఈరన్న.

లారీ కదిలింది. ఆమె చాలాసేపు అక్కడే నిలబడింది. తర్వాత నాతోపాటు మేకల దొడ్డి దాకా నడిచింది, ఆగి ఆగి. దారి పొడుగునా మొగుణ్ని తిడుతూనే ఉంది. వంట రాదు, జొరమొస్తే చెప్పడు, ఎవరైనా మోసం చేస్తే అడగడు. నేను వింటూ నడిచాను.

కొన్ని వారాల తర్వాత ఆసుపత్రిలో ఉండగా ఫోన్ మోగింది. ముందు మాట రాలేదు. దగ్గు వచ్చింది, తెరలు తెరలుగా, ఎంతకీ ఆగని దగ్గు.

"అమ్మా... నేను ఈరన్నను."

"ఏమప్పా, ఎట్లుండావు? ఏమా దగ్గు?"

"కల్లం కాడుండా. కాయల్ని మూటల్లో వేసి కాళ్లతో తొక్కతాండాము. దుమ్ము లేస్తాదమ్మా. గుడ్డ కట్టుకున్నా గొంతులో నిప్పులు పోసినట్లుంటాది. రాత్రి పండుకుంటే ఊపిరాడదు."

"వెనక్కి వచ్చేయ్ ఈరన్నా. ఇంకేదన్నా చూసుకుందాం."

"దానికి గాదమ్మా ఫోన్ చేసింది. ఒక మాట ఎవరికన్నా చెప్పుకోవాల. ఈడ చెప్తే నవ్వుతారు." మళ్లీ దగ్గాడు. "ఆ పొద్దు చేపలు నోర్లు తెరిస్తే ఊరినంతా పిలుచుకోనొస్తిమి గద. మా సుంకమ్మ ఏటేటా ఈడ ఇట్లనే నోరు తెరుచుకోనుండింది. ఇంటికొచ్చినాక ఎట్లుండె అని అడిగితే, బాగుండె అనేది. నేను సరే అని, ఏ గొర్రె ఈనిందో చెప్తా కూర్చుంటి."

అవతల ఏడుస్తున్నాడు. మొగవాడు అలా ఏడవడం నేను ఆసుపత్రిలో చాలాసార్లు విన్నాను, ఎద్దు పోయినప్పుడు, మంద పోయినప్పుడు. ఇది అలాంటి ఏడుపు కాదు. నాకూ కళ్లు నిండాయి. మందు కోసం వచ్చినవాళ్లు కిటికీలోంచి చూస్తున్నారు, చూడనీ అనుకున్నాను.

"ఈ మాట నాకు గాదు ఈరన్నా, ఆమెకు చెప్పు. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు."

"చెప్తానమ్మా. ఇప్పుడు గాదు, దగ్గు తగ్గినాక చెప్తా. ఈ గొంతు విన్నాదంటే లారీ ఎక్కి వచ్చేస్తాది."